మిల్లీమీటరున్నర మందం

"ఇది గీత కాదు మాస్టారూ, మెట్లు," అన్నాడు బోర్డుల బాబాయి, తెరమీది బొమ్మని పెద్దది చేస్తూ.

మాస్టారు గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని మెడ చాచి చూశారు. బాబాయి కూర్చున్నాక ఆ బోర్డుల దుకాణంలో ఇంకో కుర్చీ పట్టదు. కాగితం మీద నున్నగా వంపు తిరిగిన సిరా గీత, తెరమీద ఇరవై రెట్లు పెరిగేసరికి నల్లటి గళ్లూ, అంచుల్లో బూడిదరంగు గళ్లూ పేర్చిన మెట్ల వరసలా ఉంది.

"స్కానరుకి గళ్లే తెలుసు, గీత సంగతి తెలీదు. ఈ గళ్ల గుంపులోంచి గీతని మళ్లీ మనం లాగాలి. దాన్నే ట్రేసింగు అంటారు. ఒకసారి లాగాక ఏనుగంత పెద్దది చేసినా మెట్లు రావు."

"మరి ఈ బూడిదరంగు గళ్లు? ఇవి గీతలోవా, కాగితంలోవా?"

"అదిగో, లెక్కల పీరియడ్డు మొదలెట్టేశారు." బాబాయి నవ్వి, తెర పక్కనున్న మీటని అటూ ఇటూ జరిపాడు. "అది మన చేతిలో ఉంది. నలుపులో కలిపారా, గీత లావెక్కుతుంది. తెలుపులో కలిపారా, చిక్కి చిక్కి మధ్యలో తెగుతుంది. చూశారా?"

మాస్టారు చూశారు. మీట కాస్త కదిలితే చాలు, అదే గీత ఒకసారి తాడులా, ఒకసారి దారంలా కనిపిస్తోంది. రెంటిలో అసలుది ఏదో చెప్పడానికి ఆధారం లేదు. ఆయనకి ఇది నచ్చింది. చాలా నెలల తర్వాత ఒక విషయం ఆయనకి నచ్చింది.

తెరమీద ఉన్నది చెవి బొమ్మ. గీసింది ఆయన భార్య. ఆవిడ చూపులేని పిల్లల బడిలో సైన్సు టీచరుగా పదిహేడేళ్లు పనిచేసింది. ముందు తెల్లకాగితం మీద సిరాతో బొమ్మ గీసుకునేది. తర్వాత దళసరి అట్టమీద, పళ్లున్న చిన్న చిన్న చక్రాలు దొర్లించి, ఆ గీతల్ని చుక్కల వరసలుగా ఉబికించేది. పిల్లలు వాటిని వేళ్లతో తడిమి చదువుకునేవారు. అలా ముప్పై ఎనిమిది బొమ్మలు. చేసిన అట్టలన్నీ వందల వేళ్లకింద అరిగిపోయాయి. సిరా బొమ్మలు మాత్రం ఆవిడ బల్ల సొరుగులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆవిడ పోయి ఎనిమిది నెలలు.

బడివాళ్లు ఆ బొమ్మలన్నీ కలిపి పుస్తకం వేద్దామనుకున్నారు. చూపులేనివాళ్ల పుస్తకాలు వేసే ప్రెస్సులో ఒక యంత్రం ఉంది. గీతని ఫైలుగా ఇస్తే, దాని సూది ఆ గీత వెంటే నడుస్తూ రేకుమీద చుక్కలు పొడుస్తుంది. గీత ఎంత మందమైతే చుక్క అంత పెద్దది. ఆ రేకుతో ఎన్ని కాపీలైనా ఒత్తుకోవచ్చు. ప్రెస్సు మేనేజరు ఒకటే షరతు పెట్టాడు. శనివారానికి ఫైళ్లు రావాలి, వేలితో చూసే ప్రూఫులో నెగ్గాలి. నెగ్గకపోతే తమ దగ్గరున్న రెడీమేడ్ బొమ్మలు వేసేస్తారు.

"మేడంగారి పేరు మాత్రం మొదటి పేజీలో తప్పకుండా వేస్తాం," అన్నాడతను ఊరడింపుగా.

మాస్టారు సరే అన్నారు. కానీ ఆయనకి కావలసింది పేరు కాదు. పేరు రేషను కార్డులోనూ ఉంది.

అప్పటికే ఒకసారి దెబ్బ తిన్నారు. బాబాయి మొదట పంపిన ఫైలులో యంత్రం గీతని గీతగా కాక, సన్నటి పట్టీగా పట్టుకుంది. పట్టీకి రెండు అంచులు. సూది బుద్ధిగా రెండు అంచుల వెంటా నడిచి, ప్రతి గీతకీ రెండు వరసల చుక్కలు పొడిచింది. ప్రెస్సులో ప్రూఫులు చూసే ఆమె వేలు పెట్టగానే నవ్విందట. "మా అక్క రైలు పట్టాలు ఎప్పుడు వేసింది బావగారూ?" అని ఫోను చేసి మరీ అడిగింది.

అందుకని ఇప్పుడు అంచులు కాకుండా గీత నడుమ పోయే ఒకే ఒక్క దారిని పట్టుకునే పద్ధతిలోకి మార్చాడు బాబాయి. దాన్ని అతను నడి గీత అంటాడు. నడి గీతకి మందం ఉండదు. ఎంత మందం కావాలో మనమే చెప్పాలి.

"అన్నిటికీ మిల్లీమీటరు ఇచ్చేశా," అన్నాడు. "చూడండి, అచ్చు పోసినట్టు లేదూ?"

నిజంగానే అచ్చు పోసినట్టు ఉంది. చెవి డొప్ప, లోపలి గొట్టం, దాని చివర పొర, ఆ వెనక నత్తగుల్లలా చుట్టుకున్న భాగం. అన్నీ ఒకే మందంతో, శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు.

మంగళవారం బడి అయ్యాక మాస్టారు ప్రెస్సుకి వెళ్లారు. ప్రూఫులు చూసే ఆమెకి నలభై దాటాయి. పుట్టుకతోనే చూపు లేదు. ఆయన భార్య చేసిన ప్రతి అట్టా ముందు తడిమి చూసేది, ఆవిడని అక్కా అని పిలిచేది కాబట్టి ఆయన బావగారయ్యారు, ఆ వరసలో వేళాకోళాలకి లైసెన్సు వచ్చింది. ఆమె టేబులుమీద దీపం ఉండదు. ఆ మూల చీకటిగా ఉంటుంది, కొత్తవాళ్లు కాలు తగిలి తూలుతారు.

"మెల్లిగా బావగారూ, కుర్చీ ఎడంపక్కనుంది. మీకు కనబడదు."

ఆయన కూర్చున్నారు. ఆమె చెవి ప్రూఫు ముందు పెట్టుకుంది. రెండు అరచేతులూ కాగితమంతా ఒకసారి తేలిగ్గా తిప్పింది. మళ్లీ తిప్పింది. ఒక వేలు నత్తగుల్లలోకి దిగింది, చుట్లు తిరిగింది, బయటికొచ్చే దారి తెలీక ఆగింది.

"ఇదేంటో చెప్పకుండా ఇచ్చి ఉంటే ఏదో గిన్నె అనుకునేదాన్ని. చెవా ఇది?"

"చెవే."

"అక్క చెవి కాదు."

"అదే బొమ్మ. ఒక్క గీత కూడా పక్కకి జరగలేదు. నేను దగ్గరుండి చూశాను."

"మీరు చూశారు, కాదనను." ఆమె ప్రూఫుని తోసేసింది. "పదిమంది ఒకేసారి పలకరిస్తే ఎవరికని జవాబు చెప్పాలి? అలా ఉంది నాకు. అక్క బొమ్మలో ఒకళ్ల తర్వాత ఒకళ్లు పలికేవారు."

"తేడా ఎక్కడుందో చెప్పగలవా?"

"నాకేం తెలుసు బావగారూ? మీరు రోజూ ఇంటికి నడిచి వెళ్తారు. ఎన్ని అడుగులో చెప్పమంటే చెప్తారా?"

"నాలుగొందల అరవై," అన్నారు మాస్టారు.

ఆమె పగలబడి నవ్వింది. "అక్క చెప్పేది మీ గురించి, నేను నమ్మలేదు."

ప్రూఫు తప్పింది. అయిదు నమూనా బొమ్మలిస్తే నాలుగింట్లో వేలు దారి తప్పింది. మేనేజరు రెడీమేడ్ బొమ్మల ఫోల్డరు తెరిచి పెట్టుకున్నాడు, మర్యాదకి తెర కాస్త అటు తిప్పి.

తిరిగి దుకాణానికి వచ్చేసరికి బాబాయి మూతి ముడుచుకుని ఉన్నాడు. ఫోనులో కబురు ముందే అందింది.

"ముప్పై ఏళ్లు బోర్డులు రాశాను మాస్టారూ. ఈ రోడ్డుమీద ఏ కొట్టు చూసినా ఒకప్పుడు నా చేతి అక్షరమే. గీత బాగాలేదని ఒక్కడు అన్లేదు."

"గీత బాగాలేదని ఆమె కూడా అన్లేదు బాబాయ్. అక్కది కాదంది." మాస్టారు స్టూలు జరుపుకున్నారు. "స్కాను మళ్లీ తియ్యి. నీ గీత కింద అసలు గీత పెట్టి చూపించు."

బాబాయి తీశాడు. మిల్లీమీటరు గీత కింద నుంచి ఒకచోట అసలు సిరా రెండు పక్కలా పొంగి బయటికొచ్చింది. ఇంకోచోట అసలు సిరా మొత్తం బాబాయి గీత కిందే దాక్కుంది.

"ఇక్కడ లావుగా ఉంది. ఇక్కడ సన్నం. నీకు ముందే కనిపించిందా?"

బాబాయి మౌసు వదిలి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"కనిపించింది. దాదాపు అన్నిట్లోనూ అంతే." గొంతు తగ్గించాడు. "టీచరమ్మగారి చెయ్యి వణికిందేమో అనుకున్నా. ఒంట్లో బాగాలేని రోజుల్లో గీశారేమో పాపం, పుస్తకంలో అది కనబడకూడదని... నేనే సరిచేశా."

మాస్టారు తెరకి దగ్గరగా వంగారు. బొమ్మ కింద మూలన చిన్న అక్షరాలతో తేదీ ఉంది. దాన్ని చూపించారు.

"ఇది పన్నెండేళ్ల కిందటిది. అప్పుడు బాగానే ఉంది."

"అయ్యో," అన్నాడు బాబాయి.

"నువ్వు మంచికే చేశావు. పెద్ద సైజులో అన్నీ ప్రింటు తీసివ్వు. కొలుస్తాను."

ఆ రాత్రి ఆయన భార్య బల్లమీద కాగితాలు పరిచారు. ఎనిమిది నెలలుగా ఆ బల్లని తుడవడమే తప్ప దాని ముందు కూర్చోలేదు. ఇప్పుడు కూర్చున్నది కూర్చోవడానికి కాదు, స్కేలు ఆనడానికి చదునైన జాగా అదొక్కటే కాబట్టి. అలా అనుకున్నారు.

రూళ్ల నోటుబుక్కులో పట్టిక గీశారు. బొమ్మ సంఖ్య, గీత ఎక్కడ, మందం ఎంత. ప్రింటులోని కొలతని పదితో భాగిస్తే అసలు మందం వస్తుంది. మొదటి బొమ్మ కొలవడానికి ముప్పావుగంట పట్టింది. ఆరో బొమ్మకి వచ్చేసరికి ఆయన కుర్చీ అంచుకి జరిగారు. పదో బొమ్మ తర్వాత లేచి గదిలో రెండుసార్లు తిరిగి వచ్చారు.

మందాలు ఇష్టం వచ్చినట్టు లేవు. మూడే ఉన్నాయి. అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. సొరుగు లాగి చూస్తే పెన్నులూ మూడే ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో మందానికి. ఇలాంటి పెన్ను ఎంత నొక్కినా గీత లావు కాదు. చెయ్యి వణికినా లావు కాదు. అంటే లావుగా ఉన్నచోటల్లా ఆవిడ పెన్ను మార్చి, కావాలని, ఉన్న గీతమీదే మళ్లీ గీసింది. ఒక మందం ఇంకో మందంలో కలిసేచోట మెట్టు కనబడకుండా పక్కల్ని నున్నగా నింపింది కూడా.

ఇంకొకటి. అప్పటిదాకా కొలిచిన ప్రతి బొమ్మలోనూ మిల్లీమీటరున్నర మందం ఒకే ఒక్క చోట ఉంది. బొటనవేలి గోరంత పొడవు, అంతే. అక్కణ్ణుంచి మిల్లీమీటరు, తర్వాత అర. లావు గీత సన్నబడటమే తప్ప, సన్న గీత లావెక్కడం ఎక్కడా లేదు.

దీనికో సూత్రం ఉంది. మాస్టారి ఒంట్లో ఏదో పాత అలవాటు లేచి కూర్చుంది. జవాబు తెలీదు, కానీ జవాబు ఉందని మాత్రం ఖాయంగా తెలుసు. లెక్క చేసేవాడికి అంతకన్నా మంచి ఘడియ ఉండదు.

ముఖ్యమైన భాగాన్ని లావుగా గీసిందా? గుండె బొమ్మకి అది సరిపోయినట్టే ఉంది. కానీ పువ్వు బొమ్మలో అన్నిటికన్నా లావైన చోటు కాడ అడుగున ఉంది. పువ్వు పాఠంలో కాడని ఎవరు పట్టించుకుంటారు? చెవిలో చూస్తే డొప్ప పైఅంచు. విద్యుత్తు వలయంలో బ్యాటరీ ఒక కొస. ముఖ్యమైనవేం కావు. ఆ సూత్రాన్ని కొట్టేశారు. పైన ఉండేవి లావా? కాడ కిందుంది. కొట్టేశారు. ఎడమవైపువా? ఏడు బొమ్మల్లో నిజం, ఎనిమిదో బొమ్మలో అబద్ధం. కొట్టేశారు.

పదిహేడేళ్లు పక్క బల్లమీద తను పేపర్లు దిద్దుకుంటూ ఉండేవారు, ఆవిడ ఈ బల్లమీద ఇది చేస్తూ ఉండేది. ఏం చేస్తున్నావని అడిగితే "బొమ్మ" అనేది. ఈయన సరే అనేవారు. అంతకుమించి అడగాలని ఎప్పుడూ తోచలేదు.

బుధవారం సెలవు చీటీ రాసిచ్చి పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లారు. ఈసారి కుర్చీ తగల్లేదు.

"నువ్వేం చెప్పొద్దు," అన్నారు ప్రూఫులామెతో. "మీ అక్క చేసిన పాత అట్ట తీసుకుని చెవి బొమ్మ చదువు. మామూలుగా ఎలా చదువుతావో అలా. నేను నీ చేతులు చూస్తాను."

"ఇదేం పరీక్షండీ బాబూ. సిగ్గేస్తోంది."

అయినా తీసింది. అరిగిన అట్టమీద అరచేతులు రెండూ గాలిలా ఒకసారి తిరిగాయి. డొప్ప పైఅంచు దగ్గర ఎడమచేతి బొటనవేలు ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది. కుడిచేతి చూపుడువేలు ఆ బొటనవేలి పక్కనుంచి బయల్దేరి, డొప్ప అంచువెంట కిందికి దిగి, లోపలికి మళ్లి, గొట్టంలో నడిచి, పొరని తట్టి, చిన్న ఎముకలు మూడూ దాటి, నత్తగుల్లలో చుట్టూ తిరిగి, సన్నటి చివర దగ్గర ఆగింది.

"అయింది," అంది. "శబ్దం లోపలికెళ్లిపోయింది."

మాస్టారు నోటుబుక్కు తెరిచారు. బొటనవేలు ఆగినచోటే మిల్లీమీటరున్నర. వేలు నడిచిన దారంతా మిల్లీమీటరు. ఆఖర్న అర.

"పువ్వు తియ్యి."

బొటనవేలు కాడ అడుగున ఆగింది. చూపుడువేలు పైకెక్కింది.

"బ్యాటరీ."

బొటనవేలు ఆ కొస దగ్గర ఆగింది. మాస్టారికి ఇంక చూడనక్కర్లేదనిపించింది, అయినా చూశారు. తొమ్మిది బొమ్మలు చూశారు.

"లావు గీత ముఖ్యమని కాదు," అన్నారు చివరికి. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినబడింది. "మొదలని. ఇక్కణ్ణుంచి బయల్దేరు అని. సన్నబడేవైపు వెళ్లు అని. కళ్లున్నవాడు బొమ్మంతా ఒక్కసారి చూస్తాడు, ఎక్కడ మొదలెట్టినా ఫర్వాలేదు. వేలికి అలా కుదరదు కదా."

ఆమె తన ఎడమ బొటనవేలిని కుడిచేత్తో పట్టుకుని, అదేదో కొత్త వస్తువైనట్టు తడుముకుంది.

"పదిహేనేళ్లుగా చదువుతున్నా, నాకే తెలీదు చూడండి. అక్క ఒక్కసారి కూడా చెప్పలేదు."

"నాకూ చెప్పలేదు."

"చెప్తే వేలు అది వెతుక్కుంటుందనేమో. ఏదీ, మీరు కళ్లు మూసుకోండి. మీరూ చదవండి."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. చుక్కలు ఇసకలా తగిలాయి తప్ప ఏ గీతా అందలేదు. ఆమె ఆయన బొటనవేలు పట్టుకుని డొప్ప అంచుమీద ఆనించింది.

"అబ్బ, సుద్దముక్కలు పట్టి పట్టి మొద్దుబారిపోయాయి. బావగారి వేలు పట్టుకున్నానని అక్కకి చెప్పకండేం," అంది. అని, టక్కున ఆగిపోయింది.



"చెప్పను," అన్నారు మాస్టారు.

విషయం చెప్పగానే బోర్డుల బాబాయి నుదురు కొట్టుకున్నాడు.

"నా బుర్ర మండిపోనూ! ఇది బ్రష్షు పని మాస్టారూ! బ్రష్షు ఆనించినచోట గీత లావు, ఎత్తేచోట సన్నం. ఏ అక్షరం ఎక్కడ మొదలెట్టానో బోర్డు చూసి చెప్పేసేవాళ్లం. ఈ దిక్కుమాలిన మౌసు పట్టాక అన్నీ మర్చిపోయా."

తెరమీద నడి గీతకి చిన్న చిన్న ముడులు వేయడం చూపించాడు. ఒక్కో ముడి దగ్గర ఒక్కో మందం ఇవ్వొచ్చు. రెండు ముడుల మధ్య గీత తనంతట తనే నున్నగా సన్నబడుతుంది. మాస్టారు పట్టిక చదువుతుంటే బాబాయి ముడులు వేశాడు. గురువారం బడి అయిన దగ్గర్నుంచి కూర్చున్నారు. టీ రెండుసార్లు చల్లారింది. "డొప్ప పైన ఒకటిన్నర," "ఒకటిన్నర," "మలుపు దగ్గర ఒకటి," "ఒకటి," అని ఇద్దరూ ఎక్కాలు వల్లె వేస్తున్నట్టు సాగింది. బోర్డు రాయించుకోవడానికి వచ్చినవాడొకడు గుమ్మంలో కాసేపు నిలబడి, వీళ్లకేదో అయిందనుకుని వెళ్లిపోయాడు.

ముప్పై ఏడు బొమ్మలు అయ్యాయి. ముప్పై ఎనిమిదో బొమ్మ దగ్గర మాస్టారు ఆగారు.

అది నీరు తిరిగే దారి. సముద్రం, ఆవిరి, మబ్బు, వాన, కొండ, నది, మళ్లీ సముద్రం. పట్టికలో ఆ వరసంతా ఒకే అంకె ఉంది. అర, అర, అర. లావు గీత ఎక్కడా లేదు. కొలిచేటప్పుడు తన పొరపాటనుకుని దాటేశారు. ఇప్పుడు అసలు కాగితం తీసి వెలుతురుకి పట్టి చూశారు. పొరపాటు కాదు. బొమ్మ మూలన తేదీ లేదు.

"ముందు సన్న పెన్నుతో అంతా గీసుకుని, లావు తర్వాత పెట్టేది," అన్నారు మెల్లిగా. "దీనికి పెట్టలేదు."

బాబాయికి అర్థమైంది. మౌసుని అనవసరంగా అటూ ఇటూ జరిపాడు. "ముప్పై ఏడు చాలవా మాస్టారూ?"

"ముప్పై ఎనిమిదో పేజీలో రెడీమేడ్ బొమ్మ వేస్తారు."

"అయితే సముద్రం దగ్గర లావు పెట్టేద్దాం. మా చిన్నప్పట్నుంచీ పుస్తకాల్లో సముద్రమే మొదలు."

మాస్టారు ఒప్పుకోబోయి ఆగారు. మిగతా బొమ్మలన్నిటికీ ఒక మొదలుంది. శబ్దం బయటినుంచి వస్తుంది, పువ్వు కాడమీద పూస్తుంది. చక్రానికి మొదలెక్కడ? లెక్క ప్రకారం ఎక్కడైనా ఒకటే. ఆవిడ కూడా ఇక్కడే ఆగిందేమో. లేక జవాబు తెలిసే ఉండి, పెన్ను తీసే వ్యవధి లేకపోయిందో. సొరుగంతా వెతికినా ఆ సంగతి చెప్పే కాగితం ఏదీ లేదని ఆయనకి తెలుసు. ఇది కొలిస్తే తెలిసేది కాదు.

ఫోను తీసి ప్రూఫులామెకి కలిపారు.

"మబ్బంటే నీకేంటి?"

"ఏంటి బావగారూ, కవిత్వం మొదలెట్టారా?"

"కాదు. మబ్బు అనగానే నీకు ఏం తెలుస్తుంది?"

"మబ్బా? పుస్తకంలో ఒక మాట. ఎక్కడో పైనుంటుందట."

"సముద్రం?"

"ఒకసారి తీసుకెళ్లారు. చప్పుడు, ఉప్పు. కాళ్లకింద ఇసక లాగేసింది, భయపడి వచ్చేశా. అక్క బడి పిల్లల్లో సగంమంది ఆ మాత్రం కూడా వెళ్లలేదు."

"కొండ? నది?"

"కొండ ఎక్కితే ఆయాసం. నది నాకు తెలీదు."

"వాన?"

అవతల నవ్వు వినబడింది. "వాన గురించి అడుగుతారేంటి? అది అడక్కుండానే నెత్తిమీద పడుతుంది కదా. చెయ్యి చాపితే అరచేతిలో ఉంటుంది."

మాస్టారు ఫోను పెట్టేశారు.  మబ్బు కిందినుంచి ఏటవాలుగా దిగే గీతలు అయిదున్నాయి. వాటిలో మొదటిదాని పైకొసమీద వేలు పెట్టారు. బాబాయి తెర తుడుచుకోవాలి ఇక.

"ఇక్కడ ఒకటిన్నర పెట్టు."

"వాన దగ్గరా?"

"వాన దగ్గర. అక్కణ్ణుంచి కొండ మీదుగా కిందికి ఒకటి. సముద్రం దాకా ఒకటే ఉండనీ. ఆవిరి మటుకు సన్నం చెయ్యి. పావు."

బాబాయి ముడులు వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ప్రూఫులు వచ్చాయి. ముప్పై ఏడు బొమ్మలు ఒక్కొక్కటే ఆమె వేళ్లకింద నుంచి వెళ్లాయి. కొన్నిచోట్ల "అక్కా" అని గొణుక్కుంది. రెండుచోట్ల ఒక గీత ఇంకో గీతకి మరీ దగ్గరగా ఉందని చెప్పింది, అది బాబాయి అరగంటలో సర్దేశాడు. మేనేజరు వచ్చి టేబులు పక్కన నిలబడ్డాడు. ముప్పై ఎనిమిదో కాగితాన్ని మాస్టారే ఆమె ముందు పెట్టారు. అది ఎవరు గీశారో, ఏం మార్చారో ఏమీ చెప్పలేదు.

అరచేతులు తిరిగాయి. ఎడమ బొటనవేలు తచ్చాడి, వాన దగ్గర ఆగింది. 

చూపుడువేలు వానతో కొండమీద దిగింది. కొండ జారి నదిలో పడింది. నది వెంట మలుపులు తిరిగి సముద్రం చేరింది. అలల మీద రెండు క్షణాలు ఆగి, పైకి లేచింది. లేచి ఆగిపోయింది. అటూ ఇటూ వెతికింది.

"ఇక్కడ వదిలేశారు నన్ను," అంది. "గాల్లో."

"ఆవిరి కదా," అన్నారు మాస్టారు. "పల్చగా ఉంటుందని పావు మిల్లీమీటరు పెట్టాను."

"ఆవిరి పల్చనైతే అయింది. నా వేలు పల్చన కాదుగా బావగారూ."

మేనేజరు గొంతు సవరించుకుని గడియారం చూశాడు. మాస్టారు నోటుబుక్కు తెరిచారు. పట్టికలో పై నుంచి కింది దాకా వేలు నడిపారు. ముప్పై ఏడు బొమ్మల్లో, వందల గీతల్లో, ఆవిడ అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఒక్క గీతా గీయలేదు. ఆ సంగతి తన చేతిరాతతోనే రాసి ఉంది. రాసినవాడే చదవలేదు.

"అరగంట ఇవ్వండి," అన్నారు మేనేజరుతో. ఫోనులో బాబాయికి చెప్పారు. "ఆవిరి అర చెయ్యి. పావు నా తెలివితక్కువ."

ఇరవై నిమిషాల్లో కొత్త ఫైలు వచ్చింది. యంత్రం నడిచింది. కాగితం ఇంకా యంత్రం వేడితో ఉండగానే ఆమె అందుకుంది.

బొటనవేలు వానమీద. చూపుడువేలు కొండ, నది, సముద్రం. పైకి లేచింది, ఈసారి తడబడలేదు. ఆవిరి వెంట నెమ్మదిగా ఎక్కి, మబ్బు చుట్టూ వంపు తిరిగి, కిందికి వచ్చి, అక్కడే కాచుకుని ఉన్న తన బొటనవేలికి తగిలింది.

"ఓ," అంది ఆమె. "నా దగ్గరికే వచ్చేశానే."

మళ్లీ బయల్దేరింది. ప్రూఫుకి ఒకసారి చాలు. అయినా రెండోసారి తిరిగింది, మూడోసారి తిరిగింది. మేనేజరు ఇంక గడియారం చూడలేదు. ఫారం తీసి మూలన సంతకం చేసి వెళ్లాడు.

"ఇది అక్క గీసిందేనా?" అని అడిగింది ఆమె కాసేపటికి.

"గీత ఆవిడది. మందం నాది."

ఆమె వేలు ఇంకోసారి వాన నుంచి కొండమీదికి దిగింది, ఈసారి బాగా నెమ్మదిగా.

"అక్కయితే ఈ కొండ దగ్గర ఇంకాస్త నిదానంగా దింపేది. మీరు తొందరపడ్డారు."

"దింపేది," అన్నారు మాస్టారు. "మార్చమంటావా?"

ఆమె ఆలోచించింది. కాగితాన్ని ముప్పై ఏడింటి కింద పెట్టి, అంచులు సరిచేసింది.

"వద్దులెండి. పిల్లలు దిగుతారు."